మోకాలిలోతు నీళ్లు

కుడిచెయ్యి ఆయన భుజం కిందా, ఎడమచెయ్యి తుంటి కిందా పెట్టి ఒక్క ఊపున గోడవైపు ఒత్తిగిలజేసింది. ఏడేళ్లుగా రోజూ చేస్తున్న పని. బరువు ఎక్కడుంటుందో ఆమె చేతులకే తెలుసు. పక్షవాతం తగిలిన ఎడమకాలు మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు కాస్త ఆలస్యంగా దొర్లింది. మోకాళ్లు ఒరుసుకోకుండా వాటి మధ్య పాత చీర మడతపెట్టి ఉంచింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ పిండి వీపు తుడిచింది. నడుం దగ్గర నిన్న ఎర్రబడిన చోట ఇవాళ కొంచెం నయంగా ఉంది. అక్కడ పౌడరు అద్దింది.

"కొట్టుకుంటున్నాయి" అన్నాడాయన గోడతో చెప్పినట్టు.

ఆమె గుడ్డ గిన్నెలో వేసి మోకాళ్ల మీద కూర్చుంది. మంచం కిందికి చెయ్యి చాపి అరచెయ్యి గచ్చుకు ఆనించింది. పిల్లల నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది.

"ఆగాయి" అంది.

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన భుజాలు వదులయ్యాయి. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచింది. అరచేతికి ఏమీ అంటలేదు, అయినా రోజూ తుడుచుకుంటుంది. ఆయనకు చెప్పని విషయం ఒకటుంది. నాలుగేళ్లుగా ఆ చప్పుడు ఆమెకూ వినిపిస్తోంది. తడి తోకలు చెక్క మీద తపతపమని కొట్టుకునే చప్పుడు. మొదట ఎక్కడో ఒకటి, ఆ తర్వాత పది, ఆ తర్వాత లెక్కలేనన్ని. ఇద్దరికీ వినిపిస్తోందని చెబితే అది నిజమైపోతుందన్న భయంతో తనలోనే దాచుకుంది.

వెనక వీధిలో ఉండే ఆడపడుచు తలుపు తోసుకుని వచ్చింది. మొగుడు పోయిన మనిషి, నోరు ఊరుకోదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్న దగ్గర కూర్చునేది ఆవిడే. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. నిన్న జావ తాగిస్తే విషం పోస్తున్నట్టు మొహం పెట్టాడట, చిన్నప్పుడూ ఇంతేనట, అమ్మ చేత్తో తప్ప ముద్ద దిగేది కాదట, ఇప్పుడు ఆ అమ్మ స్థానంలో వదినను కూర్చోబెట్టుకున్నాడట. "నేను పరాయిదాన్నయ్యాను" అని కళ్లొత్తుకుని, వెంటనే స్టవ్ మీద టీ ఉందేమోనని చూసింది. వదిన నవ్వి గ్లాసు చేతికిచ్చింది. మధ్యాహ్నం ఇటువైపు తిప్పమనీ, మాత్ర మింగాడో లేదో నోరు తెరిపించి చూడమనీ రోజూ చెప్పే మాటలే చెప్పి గడప దాటింది.

ఊళ్లో ఆమెను కొలతలమ్మ అంటారు. అంతకుముందు కత్తి అనేవాళ్లు. కోత షెడ్డులో ఆమెలా సొరచేపను కోసేవాళ్లు లేరని ఆ పేరు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా మణికట్టు ఇంకా గట్టిగానే ఉంది. ఎడమచేతి బొటనవేలి మొదట్లో నెలవంకలా తెల్లటి మచ్చ ఉంది. కత్తి తగిలి అయిందనుకుంటారు అందరూ. అది కత్తి గాటు కాదు.

ఊరికి దక్షిణాన సముద్రం మొగ అనే ఇరుకు పాయలోంచి లోపలికొచ్చి, ఇసుక దిబ్బ వెనక వెడల్పుగా పరుచుకుంటుంది. మూడు పక్కలా మడచెట్లు. నీళ్లు చాలాచోట్ల మోకాలి లోతే. వేసవి మొదలయ్యాక ఆడసొరలు నడిసముద్రం నుంచి ఆ మొగ వెతుక్కుంటూ వస్తాయి. పోటు మీద లోపలికొచ్చి పిల్లల్ని ఈని, నీళ్లు తీయకముందే వెళ్లిపోతాయి. పాలివ్వవు, కాపలా ఉండవు, వెనక్కి చూడవు. పిల్లలు మాత్రం ఏడాది, రెండేళ్లు అక్కడే తిరుగుతాయి. అంత తక్కువ నీళ్లలోకి పెద్ద చేప ఏదీ వేటకు రావడం కుదరదు కాబట్టి. తల్లి వాటికిచ్చేది అదొక్కటే, ఆ చోటు.

ఒడ్డున పరిశోధన కేంద్రం ఉంది. రెండు గదులు, ఒక చిన్న జెట్టీ. అందులో ఆమె ఉద్యోగం సొరపిల్లల్ని కొలవడం. అడుగు చదునుగా ఉండే పడవను గడతో తోసుకుంటూ వెళ్లి పొట్టి వల కడుతుంది. పావుగంటకోసారి ఎత్తి చూస్తుంది. పిల్ల పడితే వెల్లకిలా తిప్పి పట్టుకుంటుంది. అలా తిప్పితే సొరపిల్ల నిద్రపోయినట్టు ఊరుకుంటుంది. ముక్కు నుంచి తోక దాకా కొలిచి, పొట్ట మీద బొడ్డు చూస్తుంది. బొడ్డు పచ్చిగా ఉంటే పుట్టి రెండు మూడు రోజులు. గీతలా మూసుకుంటే నెల. వీపు రెక్క పక్కన, చర్మం కింద, బియ్యపుగింజంత గాజుగొట్టం సూదితో దూరుస్తుంది. దానికొక నంబరుంటుంది. తర్వాత పిల్లను నీళ్లలో బోర్లా పట్టుకుని, మొప్పలాడేదాకా నెమ్మదిగా ముందుకు నడిపించి వదిలేస్తుంది. వదిలేముందు ప్రతిదానితోనూ ఒకే మాట అంటుంది. "పో తల్లీ." మగపిల్లైనా సరే.

ఈ చోటు కనిపెట్టింది ఆయనే. ముప్ఫై రెండేళ్ల కిందటి మాట. తెల్లవారుజామున మొగ దగ్గర ఒంటరిగా వల సర్దుకుంటుంటే నల్లటి రెక్కలు వరసగా లోపలికి పోతూ కనిపించాయట. ఇంటికొచ్చి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వరసగా మూడు వేసవులు మొగకు అడ్డంగా వల కట్టాడు. లోపలికి వచ్చేవన్నీ నిండు కడుపుతో ఉన్న తల్లులే. మూడో ఏడు ఒక పొద్దున ఇరవై మూడు పడ్డాయి. పడవలోకి లాగాక, ప్రాణం పోయే ముందు అవి పిల్లల్ని వదిలేశాయి. పడవ ఒడ్డుకు వచ్చేసరికి చెక్కల మీద వంద పైచిలుకు పిల్లలు తోకలు కొట్టుకుంటున్నాయి. వాటి మధ్య ఆయన ఒంటికాలి మీద నిలబడి, "అడుగు పెట్టడానికి చోటు లేదే" అని నవ్వాడు. ఒడ్డున కత్తి పట్టుకుని నిలబడ్డ ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు బాగా గుర్తు. కొత్త పెళ్లికూతురులా నవ్వింది.

ఆ రోజు చీకటి పడేదాకా కోసింది. ఇంకా కొన్నింటి కడుపుల్లో పిల్లలు మిగిలే ఉన్నాయి. ఒక పొట్ట చీల్చి చెయ్యి లోపలికి పెట్టినప్పుడు ఏదో ఆమె బొటనవేలు పట్టుకుంది. బయటికి తీస్తే అడుగున్నర పిల్ల. తల్లి చచ్చి పూటయింది. పిల్ల మాత్రం వేలు వదలడంలేదు. కళ్లు తెరిచే ఉంది. తెల్లటి రెప్ప ఒకసారి కిందినుంచి పైకి మూసుకుని తెరుచుకుంది. ఆమె దాన్ని విదిలించి బుట్టలో పడేసి, వేలికి గుడ్డ చుట్టుకుని మళ్లీ పనిలో పడింది.

నాలుగో ఏడు ఒక్కటి కూడా రాలేదు.

ఆయన ప్రతి తెల్లవారుజామునా వెళ్లి మొగ దగ్గర కూర్చునేవాడు. ఐదో ఏడూ అంతే. ఎవరైనా అడిగితే గాలికి వచ్చానని చెప్పేవాడు. ఆ తర్వాత వల అమ్మేసి ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. సముద్రంవైపు వెళ్లడం మానేశాడు. కూతురి పెళ్లిలో తప్ప గట్టిగా నవ్వగా ఆమె చూడలేదు.

ఇరవయ్యేళ్ల కిందట కేంద్రం వాళ్లొచ్చి, ఇక్కడ ఒకప్పుడు సొరలు ఈనేవని విన్నాం, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్లి చేరింది. మొదటి ఏడు మూడు నెలలపాటు రోజూ ఖాళీ వల ఎత్తింది. చావు జరిగిన ఇంట్లోలా ఉండేది ఆ నీళ్లమధ్య. ఒక్కోసారి నల్లటి నీడ పక్కనుంచి జారిపోయినట్టయ్యేది. గడ ఆపి చూస్తే ఏమీ ఉండేది కాదు. సాయంత్రం ఇంటికెళ్లగానే ఆయన అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అడిగేవాడు.

"ఎన్ని?"

"లేవు" అనేది. ఆయన కంచం జరిపేసేవాడు.

రెండో ఏడు మొదటి రోజు, అలా జరిపేయకుండా ఉండాలని, "రెండు" అంది. ఆయన ముద్ద కలిపాడు. చిన్న అబద్ధమే కదా అనుకుంది. అది ఆ ఇంట్లో ఇంకో మనిషిలా పెరిగింది. రెండు నాలుగయ్యాయి, నాలుగు తొమ్మిదయ్యాయి. ఐదో ఏడు నిజంగానే ఒక పిల్ల పడింది. ఒక్కటే. వలలో దాని బరువు తెలియగానే ఆమె నీళ్లలోనే కూలబడిపోయింది. గాజుగొట్టం దూర్చాక, పైకీ గుర్తుండాలని వీపు మీది రెండో రెక్క కొస కత్తిరించబోయి తొందరలో ఎక్కువ కత్తిరించింది. ముక్క తెగినట్టు గంటు పడింది. ఆ సాయంత్రం ఆ సంగతి ఆయనకు చెప్పాలని పరుగున ఇంటికొచ్చింది. కానీ ముందురోజు తొమ్మిదని చెప్పి ఉంది. ఇవాళ ఒక్కటంటే ఏమవుతుంది? "పదకొండు" అంది. నిజమైనది ఆ పదకొండులో కలిసిపోయింది.

ఆ తర్వాత నిజమైనవి కొద్దికొద్దిగా పెరిగాయి. కలిసొచ్చిన రోజు మూడు, నాలుగు. ఆమె లెక్క మాత్రం ముప్ఫైకి చేరింది.

ఇవాళ జెట్టీ దగ్గరికి వచ్చేసరికి పోటు నిండి, నీళ్లు తీయడం మొదలైంది. కేంద్రం ఆఫీసరమ్మ అప్పటికే పడవలో ఉంది. కూతురి వయసు పిల్ల. వచ్చిన కొత్తలో కొలతలమ్మను పేరుపెట్టి పిలిచేది. ఒకసారి జ్వరం వస్తే ఈవిడ జావ కాచి తెచ్చాక పెద్దమ్మా అంటోంది. ఇద్దరూ మొగకు ఇవతలి ఇసుక మేట దగ్గరికొచ్చారు. అక్కడ ఆమె గడ ఆపింది.

ముందు నీళ్లు బురదగా తిరుగుతున్నాయి. అందులో నల్లటి రెక్క ఒకటి పక్కకు వాలి ఉంది. మనిషికంటే పొడుగున్న ఆడసొర. వెనక్కి వెళ్లే దారి తప్పి మేట మీదికెక్కింది. ఇంకో అరగంటలో నీళ్లు పూర్తిగా తీసేస్తాయి. పొట్ట ఇంకా బరువుగానే ఉంది.

ఆఫీసరమ్మ మనుషుల్ని పిలవడానికి ఫోను తీసింది. వాళ్లు వచ్చేదాకా నీళ్లు ఆగవని చెప్పి కొలతలమ్మ దిగింది. తోక దెబ్బకు కాళ్లు విరుగుతాయని ఆమెకు తెలుసు. పక్కనుంచి వెళ్లి ఒక చెయ్యి రెక్క కిందా, ఒక చెయ్యి తోక మొదట్లో పెట్టింది. పొద్దున ఆయన్ని పట్టుకున్నట్టే పట్టుకుంది. సొర ఒకసారి ఒళ్లంతా బిగించి ఊరుకుంది.

అప్పుడే ఈనింది. ముందు తోక కనిపించింది. ఆ వెనక ముడిచిపెట్టిన రెక్కలు, చివరికి తల. రక్తం పొగలా నీళ్లలో పరుచుకుంది. పిల్ల బొడ్డుతాడు ఈడ్చుకుంటూ రెండు మూరలు పోయి, తాడు తెంచుకుని, ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పకుండానే మడచెట్లవైపు తిరిగింది. ఇంకొకటి. ఇంకొకటి. ముప్ఫై ఏళ్ల కిందట ఇలాంటి కడుపుల్లోంచి తన చేత్తో లాగిన పిల్లలు ఇప్పుడు వాటంతటవే ఆమె కాళ్ల మధ్యనుంచి వెళుతున్నాయి. చీలమండలకు గరుకుగా తగులుతున్నాయి. ఆమె కాళ్లు కదపకుండా నిలబడింది. ఏ క్షణాన అవి ఆగి వెనక్కి తిరుగుతాయో, తనను గుర్తుపడతాయో అనిపించింది. ఒక్కటీ ఆగలేదు.

ఎనిమిది. చివరిది పోయాక ఆమె చూపు సొర వీపు మీదికి వెళ్లింది. రెండో రెక్క కొసన ముక్క తెగినట్టు గంటు ఉంది. అంచులు ఎప్పుడో మానిపోయి నున్నగా ఉన్నాయి.

"అమ్మా, ఆ నంబరు చూసే మిషను ఇటు తే" అంది.

ఆఫీసరమ్మ వంగి వీపు పక్కన మిషను జరిపింది. అది కుయ్యిమంది. నంబరు రెండుసార్లు చదువుకుని, ఫోనులో వెతికి తలెత్తింది. "పదహారేళ్ల కిందటిది పెద్దమ్మా. ఆ ఏడాది ఇదొక్కటే ఉంది. కింద మీ సంతకం ఉంది."

కొలతలమ్మ తల ఊపింది. ఇద్దరూ చెరోవైపు పట్టి, ఊపిరి బిగబట్టి, ఆ బరువును అంగుళం అంగుళం లోతువైపు జరిపారు. నీళ్లు పొట్ట కిందికి రాగానే సొర తోక ఒక్కసారి ఆడించింది. ఆ విసురుకు ఇద్దరూ వెనక్కి పడ్డారు. లేచి చూసేసరికి మొగ దగ్గర రెక్క ఒకసారి తేలి మునిగింది. "పో తల్లీ" అనడం కూడా మరిచిపోయింది. ఆఫీసరమ్మ తడిసిన ఫోను పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. ఇవాళ్టికి ఇక చాలు, ఇంటికెళ్లి పెదనాన్నకు చెప్పమని పంపేసింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఇంత తొందరగా వచ్చావేమని ఆడపడుచు కంగారుపడింది. ఏమీలేదని చెప్పి తడిచీరతోనే లోపలికెళ్లింది. ఆయన ఇటు తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచాడు.

"ఎన్ని?"

"ఎనిమిది" అంది.

ఆయన ఆమెవైపు చూశాడు. నిన్న ముప్ఫై ఒకటని చెప్పింది. సంజాయిషీ ఏం చెప్పాలో ఆమె ఆలోచించుకోలేదు. మంచం పక్కన కూర్చుని జరిగిందంతా వరసగా చెప్పింది. మేట, తోక ముందుగా పుట్టిన పిల్లలు, రెక్క మీద గంటు. అది పదహారేళ్ల కిందట తన చేతిలో పడ్డ పిల్లేనని చెప్పి, ఆ రోజు పదకొండన్నది అబద్ధమనీ చెప్పేసింది. అంతకు ముందువీ, ఆ తర్వాతవీ అన్నీ.

"తెలుసు" అన్నాడు.

ఆమె మంచానికి దగ్గరగా జరిగింది.

"నీ చేతులకు వాసన లేదు" అన్నాడాయన. ఒక పక్కకు వాలిన నోట్లోంచి మాటలు ఆగి ఆగి వచ్చాయి. "మొదటి నాలుగేళ్లు. రెండన్నావు, తొమ్మిదన్నావు. వాసన లేదు. పదకొండన్న రోజు వచ్చింది. ఒక్క పిల్ల వాసన. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు."

"తెలిసీ ఎందుకు అడిగేవాడివయ్యా?"

"నువ్వు చెబుతుంటే నమ్మాలనిపించేది."

ఆమె కుడిచెయ్యి చాపింది. ఆయన తన మంచిచేత్తో పట్టుకుని ముక్కుకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని, దూరంగా ఉన్నదేదో గుర్తుపడుతున్నట్టు లోపలికి పీల్చాడు. రక్తం, బురద, ఉప్పు, ఇప్పుడే పుట్టినవాటి జిగురు. అరచెయ్యి తిప్పి బొటనవేలి మచ్చ మీద తన వేలు ఉంచాడు. ఆ మచ్చ ఎలా పడిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఎన్నడూ అడగలేదు.

"ఎటు పోయింది?" అన్నాడు.

"లోతుకి. వెనక్కి చూడలేదు."

"చూడదు" అన్నాడు. కిటికీవైపు తిప్పమన్నాడు. ఆమె ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి తిప్పింది. ఎందుకో ఇవాళ ఎడమకాలు కూడా ఒంటితోపాటే తేలిగ్గా వచ్చింది. తలగడ సర్ది, చీర మార్చుకుని వస్తానంది. ఆయన ఊఁ అన్నాడు.

పెరట్లో నీళ్లు తోడుకుని ఒళ్లు కడుక్కుంది. చేతులు మాత్రం సబ్బుతో రుద్దకుండా ఉత్తి నీళ్లతో తడిపి వదిలేసింది. ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడి, సొర పట్టుకుంటే గరుకుగా ఉంటుందా, కరవదా, పిల్లలకు పళ్లుంటాయా అని అడుగుతూనే ఉంది. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ గుమ్మంలో కూర్చుని ఒక గ్లాసు టీ తీరిగ్గా తాగారు. ఆయన కోసం ఇంకో గ్లాసు పట్టుకుని లోపలికెళ్లింది.

ఆయన కిటికీవైపే చూస్తున్నాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, ఆయన ముక్కు దగ్గర చెయ్యి ఉంచి చూసింది. మంచం కిందికి వంగలేదు. ఆడపడుచును పిలవడానికి ముందు, కాసేపు ఆయన పక్కనే కూర్చుంది.

రెండోరోజు సాయంత్రానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. కూతురు వంటింట్లో పడుకుంది. మంచాన్ని పెరట్లోకి తీసుకెళ్లి కడిగి నిలబెట్టారు. ఆ గదిలో ఇప్పుడు నాలుగు మూలలూ కనిపిస్తున్నాయి. దూలం నుంచి, మంచం తలవైపు ఉండే చోట, ఒక తాడు వేలాడుతోంది. పడుకున్నవాడు మంచిచేత్తో పట్టుకుని లేవడానికి కట్టింది. ముడి ఎలా వెయ్యాలో ఆయన పడుకునే చెప్పి, చెల్లెలిచేత మూడుసార్లు విప్పించి కట్టించాడు. పట్టుకునే చోట మూరెడు మేర నల్లగా, నున్నగా మెరుస్తోంది. కిటికీ మూసే ఉంది. ఏడేళ్లుగా మెలిపడిన తాడు, పట్టుకునే చెయ్యి లేక, తన మెలికను తానే విప్పుకుంటూ నెమ్మదిగా తిరుగుతోంది.